వడ్రంగి పిట్టకు కొత్త సిస్టమ్

జూన్ 4

తమ్ముడికి,

ఇక్కడ అంతా బాగుంది. మీ ఇద్దరి పేర్లూ రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాను.

ఒక చిన్న సంగతి. ఇంట్లో కంప్యూటర్ పంతొమ్మిది రోజులుగా తెరవగానే ఒకటే అడుగుతోంది. ఈ ఆపరేటింగ్ సిస్టమ్ పాతదైపోయిందట, ఆగస్టు దాటితే దీని బాగోగులు ఎవరూ చూడరట, కొత్తదానికి మారతావా అని. కింద రెండు బటన్లు. ‘ఇప్పుడే’ అని ఒకటి, ‘తర్వాత’ అని ఒకటి. నేను ‘తర్వాత’ నొక్కి పనిలో పడుతున్నాను.

పని నీకు తెలిసిందే. చూపు లేనివారి గ్రంథాలయం పంపే పుస్తకాలను బ్రెయిలీలోకి మార్చి, ప్రింటు తీసి ఇవ్వడం. ఈసారి వచ్చింది న్యాయశాస్త్రం. మామూలు అచ్చులో ఒక్క పుస్తకం, బ్రెయిలీలో పదకొండు సంపుటాలు. ఆరు అయ్యాయి. అడిగినది ఒక్క అమ్మాయే. ముప్పై నాలుగేళ్ళుంటాయి, ఒక ఆఫీసులో టెలిఫోన్ దగ్గర కూర్చుంటుంది. ఆగస్టు 30న పరీక్ష. పోయిన సంవత్సరం పుస్తకాలు పరీక్ష అయిపోయాక చేతికందాయట. ఈసారి ఆగస్టు పదిలోపు అన్నీ ఇస్తానని మాట ఇచ్చాను.

కంప్యూటర్ నువ్వు బిగించినదే. నొక్కనా, వద్దా? ఒక్క మాట రాయి. ఫోన్ చేయకు. ఫోన్‌లో నువ్వు చెబుతూ పోతావు, నాకు ‘ఊఁ’ అనడమే మిగులుతుంది.

అక్క

*

జూన్ 9

అక్కా,

నొక్కు.

ఒక్క మాట అడిగావు, రాసేశాను. ఇక మిగిలిన కాగితమంతా నాది.

మా ఆసుపత్రిలో ఎక్స్‌రే గది కంప్యూటర్‌ని కూడా నీలాగే ‘తర్వాత, తర్వాత’ అంటూ నెట్టుకొచ్చారు. కంప్యూటర్లన్నీ చూసుకునేవాణ్ణి నేను, మొత్తుకుంటూనే ఉన్నాను. పోయిన నెల ఒక సోమవారం పొద్దున ఏదో వైరస్ పురుగు దూరి ఎక్స్‌రేలన్నిటికీ తాళం వేసింది. ఒక పెద్దాయన విరిగిన చెయ్యి పట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. “నా ఎముక ఎక్కడ పెట్టారు బాబూ?” అన్నాడు. ఏం చెప్పను? “మీ దగ్గరే ఉందండీ, ఫొటోయే పోయింది” అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆగస్టు దాటాక పాత సిస్టమ్ అంటే గొళ్ళెం లేని తలుపే. నీ ఆరు సంపుటాలూ అందులోనే ఉన్నాయి కదా. ముందు అన్నిటికీ ఒక కాపీ తీసి పక్కన పెట్టు, ఆ తర్వాత నొక్కు. గంటన్నరలో అయిపోతుంది. ఆ గంటన్నర దాన్ని ముట్టుకోకుండా ఉండాలి, అంతే. ముట్టుకోకుండా ఉండడం మన ఇంట్లో నీకొక్కదానికే వచ్చు.

ఇది నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే నడుం పట్టేస్తోంది. ఏం లేదులే. నీ మరదలు పక్కనుంచి, “ఇంట్లో బల్బు మార్చడానికి తీరదు గానీ అక్కగారికి మూడు పేజీలు రాయడానికి తీరుతుంది” అంటోంది. రెండు పేజీలే అని నువ్వు సాక్ష్యం చెప్పాలి.

నీ తమ్ముడు

*

జూన్ 15

తమ్ముడికి,

ఉత్తరం అందింది. రెండు పేజీలే.

వడ్రంగి పిట్టను చేసిన కంపెనీకి రాసి అడిగాను. ఆ పేరు నువ్వు పెట్టిందే కనుక వివరించక్కర్లేదు. టకటకమని కాగితం మీద చుక్కలు పొడిచే ఆ ప్రింటర్ పాత మోడల్ అట. కొత్త సిస్టమ్‌తో సరిగా పనిచేస్తుందని పూచీ ఇవ్వలేమన్నారు.

ఇంటర్నెట్ తీగ పీకేశాను. పుస్తకాల ఫైళ్ళు ఎలాగూ పెన్‌డ్రైవ్‌లో వస్తాయి. పురుగుకు దారి లేదు.

పదకొండో సంపుటం అయ్యేదాకా మార్చను. నీ మీద కోపం లేదు.

అక్క

*

జూన్ 20

అక్కా,

నాలుగు ముక్కలు రాశావు, అందులో ఒకటి ‘నీ మీద కోపం లేదు’. కోపం ఉందా అని నేనడిగానా? అడగని ప్రశ్నకు జవాబు వచ్చిందంటే ఆ ప్రశ్న నీ మనసులో ఉన్నట్టే.

నాకు తెలుసు. పాటల సంగతే. పన్నెండేళ్ళ కిందట ఇదే కంప్యూటర్, ఇదే నేను. ‘కొత్త సిస్టమ్ వేస్తాను, ఎగిరి గంతేస్తుంది’ అన్నాను. ఎగిరిపోయింది. మూడేళ్ళు కూర్చుని నువ్వు బ్రెయిలీలోకి ఎక్కించిన రెండు వందల పన్నెండు ప్రార్థన పాటలూ ఎగిరిపోయాయి. నువ్వు “పోనీలే” అని లోపలికి వెళ్ళి, కిటికీ దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకున్నావు. తిట్టి ఉంటే బాగుండేది. నడిపి అక్క అయితే చీపురు తిరగేసేది, ఆ సాయంత్రానికే ఇద్దరం కలిసి టీ తాగేవాళ్ళం. నీ ‘పోనీలే’ ఇప్పటికీ నా వెనకే తిరుగుతోంది.

అందుకే చెబుతున్నాను, ఈసారి నేనే వస్తాను. వచ్చే ఆదివారం కాదంటే ఆపై ఆదివారం. దగ్గరుండి, తొందరపడకుండా, నీ కళ్ళ ముందు చేస్తాను. ఒక కొత్త డిస్క్ ఈ ఉత్తరంతో పాటే విడిగా పార్సిల్ చేశాను. అందగానే రాయి. నేను వచ్చేదాకా డబ్బా విప్పకు.

తమ్ముడు

*

జూన్ 28

తమ్ముడికి,

డిస్క్ అందింది. విప్పలేదు.

ఏడో సంపుటం ఫైలు వచ్చింది. తెరిస్తే అక్షరాల బదులు వరసగా చిన్న చిన్న గళ్ళు కనిపిస్తున్నాయి. గ్రంథాలయం వాళ్ళను అడిగాను. ప్రచురణకర్తలు పద్ధతి మార్చారట, ఇకమీదట వచ్చే ఫైళ్ళు కొత్త సిస్టమ్‌లోనే తెరుచుకుంటాయట. పోనీ నీకు పంపి తెరిపిద్దామంటే వీలుకాదు. పుస్తకం నకళ్ళు బయటికి పోకుండా, వాళ్ళ దగ్గర నమోదైన ఈ ఒక్క కంప్యూటర్‌లోనే తెరవాలన్నది వాళ్ళ నియమం. అది న్యాయమే. ఎనిమిది రోజులుగా వడ్రంగి పిట్ట ఊరికే ఉంది.

నిన్న ఆ అమ్మాయి వచ్చింది. ఆఫీసు అయ్యాక రెండు బస్సులు మారి వస్తుంది. ఆరో సంపుటం ఒళ్ళో పెట్టుకుని చివరి పేజీ వేలితో చూసుకుంది.

“ఏడోది ఎప్పుడక్కా?” అంది.

“తెరుచుకోవడం లేదమ్మా.”

“మరి ఏం చేస్తారు?”

“తెరుస్తాను.”

“ఎలా?”

“ఇంకా తెలియదు.”

నవ్వింది. “పోయినసారి అందరూ ‘వచ్చేస్తుంది, వచ్చేస్తుంది’ అన్నారక్కా. ‘తెలియదు’ అన్నది మీరొక్కరే. అందుకని నమ్ముతున్నాను” అంది.

కనుక మార్చక తప్పదు. వడ్రంగి పిట్ట చెడకుండా మార్చే దారి ఉంటే రాయి. నువ్వు మాత్రం రావద్దు. ఇంకొకరి చేత చేయించుకునే వీలుంటే చూడు.

అక్క

*

జూలై 3

అక్కా,

సరే. రాను.

నువ్వు దేవుడి ముందు కూర్చుని లోకంలో అందరినీ క్షమిస్తావు. నన్ను మాత్రం బయట బల్ల మీద కూర్చోబెట్టి పన్నెండేళ్ళయింది. ఎప్పుడు పిలుస్తావా అని చూస్తున్నాను. ‘ఇంకొకరి చేత’ అన్నావు చూడు, అక్కడ అర్థమైంది, ఇక పిలవవని.

మీ వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే మనిషి ఎవరో ఉండే ఉంటాడు. నా చెయ్యి కంటే అతని చెయ్యి మంచిదనిపిస్తే అతన్నే పిలుచుకో.

తమ్ముడు

పార్సిల్ చేసిన డిస్క్ వృథా కావడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను. పాతదాన్ని తీయక్కర్లేదు. ఆ కొత్త డిస్క్‌ని కంప్యూటర్‌లో పాత డిస్క్ పక్కనే బిగించి, కొత్త సిస్టమ్‌ని అందులో వేస్తే రెండు సిస్టమ్‌లూ ఉంటాయి. ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో అదే అడుగుతుంది. ఆ మనిషికి ఈ ముక్క చూపించు.

*

జూలై 7

తమ్ముడికి,

నా ఉత్తరాలు పొట్టిగా ఉంటాయని నువ్వు ఎప్పుడూ అంటావు. ఇది కొంచెం పెద్దది.

నిన్ను రావద్దన్నది నీ చెయ్యి మంచిది కాదని కాదు. నీ నడుం మంచిగా లేదని. వస్తానని నువ్వు ఉత్తరం రాసిన రోజే మరదలు నాకు ఫోన్ చేసింది. నీ వెన్నులో డిస్క్ జారిందని, ఆరు వారాలు ప్రయాణం కూడదని డాక్టరు రాసిచ్చారని, నువ్వు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కాల కింద దాచావని చెప్పింది. “నేను చెప్పానని అనకండి వదినా” అంది. ఈ ఉత్తరంతో ఆ మాట తప్పాను. ఆమెకు నేను సంజాయిషీ చెప్పుకుంటాను. నువ్వు ఆమెను ఒక్క మాట అనకు.

ఇక పాటలు. కోపం వచ్చింది. నాకు రాదని ఎలా అనుకున్నావు? మూడు రోజులు ఉంది. ప్రార్థనలో ఇంట్లో వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంటూ నీ పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు కదిలేది కాదు. నాలుగో రోజు కదిలింది. అక్కడితో అయిపోయింది. అయిపోయిందని నీకు చెప్పలేదు. చెప్పకుండానే తెలుస్తుందనుకున్నాను. అది నా పొరపాటు. ‘కోపం లేదు’ అని రాసింది నీ సలహా కాదన్నందుకు నొచ్చుకుంటావేమోనని. పాటలు గుర్తుకే రాలేదు.

వీధి చివర ఒకాయన ఉన్నాడు. ఇంకొకరి చేత అని నేనే అన్నాను గానీ, పిలవను. గ్రంథాలయం వాళ్ళు నా ఒక్కదాని సంతకం తీసుకున్నారు. పైగా ఆయన ఒకేసారి ముగ్గురితో మాట్లాడుతూ పని చేస్తాడు.

నేనే చేస్తాను. నువ్వు మెట్టు మెట్టుగా రాసి పంపు. టీ పెట్టడం రానివాళ్ళకు చెప్పినట్టు రాయి. పొయ్యి వెలిగించమని కూడా రాయి. మధ్యలో జోకులు వేయకు. తిరుగు టపాలో పంపితే ఈ నెల 15, బుధవారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడతాను.

నువ్వు పడుకుని రాయి.

అక్క

*

జూలై 11

అక్కా,

బోర్లా పడుకుని, ఛాతీ కింద దిండు పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు కొండ ఎక్కితే నన్ననకు.

నీ మరదలిని నేనేమీ అనలేదు. తనే నన్ను అంది. చొక్కాల కింద దాచిన మనిషికి ఆ చొక్కాలు ఎవరు మడత పెడతారో తెలియదా అంది.

నువ్వు రాసిన ఆ మూడు రోజుల సంగతి నాలుగుసార్లు చదివాను. పన్నెండేళ్ళుగా నాకు కావలసింది ఆ మూడు రోజులే అక్కా. నువ్వు దేవతవేమోనని అనుమానం ఉండేది. ఇప్పుడు తీరింది.

విడిగా పెట్టిన కాగితాల్లో ఇరవై ఆరు మెట్లు ఉన్నాయి. జోకుల్లేవు. మూడోదాంట్లో ఒకటి పడింది, కొట్టేశాను. ఆరు సంపుటాలకూ కాపీలు తీసి, ఆ పెన్‌డ్రైవ్ నీ దగ్గర ఉంచుకోకు, గ్రంథాలయం వాళ్ళ చేతిలో పెట్టు. ఇల్లు కాలినా పుస్తకం మిగలాలి.

పద్నాలుగో మెట్టు గురించి మాత్రం ఇక్కడ కూడా రాస్తున్నాను. అక్కడ ఒక తెర వస్తుంది. కొత్త సిస్టమ్‌ని ఏ డిస్క్‌లో వేయమంటావు అని అడుగుతుంది. రెండు డిస్క్‌ల పేర్లు కనిపిస్తాయి. నువ్వు దేన్ని చూపిస్తే దాన్ని శుభ్రంగా తుడిచేసి అందులో కూర్చుంటుంది. పన్నెండేళ్ళ కిందట నేను బస్సు వేళ చూసుకుంటూ గబుక్కున నొక్కింది అక్కడే. సైజు చూడు. రెంటిలో పెద్దది కొత్తది. పెద్దదాన్నే చూపించు. నొక్కేముందు ఆగు. చదువు. మళ్ళీ చదువు.

బుధవారం తొమ్మిదింటికి నేను ఇక్కడ గడియారం చూస్తూ ఉంటాను. ఫోన్ చేయను. చేస్తే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

తమ్ముడు

*

జూలై 16

తమ్ముడికి,

అయింది.

పదమూడు మెట్లూ నువ్వు రాసినట్టే వచ్చాయి. పద్నాలుగో మెట్టు దగ్గర తెర మీద రెండు డిస్క్‌లు ఉన్నాయి. రెండూ ఒకే సైజు. పేర్లు కూడా ఏవో అంకెలే. నాలుగేళ్ళ కిందట వచ్చినప్పుడు పాతదాన్ని తీసి పెద్దది వేసింది నువ్వే. మరిచిపోయావు.

కుర్చీలో పావుగంట కూర్చున్నాను. ప్రార్థన చేసుకున్నాను. రెంటిలో పాతది ఏదో ప్రార్థనలో తెలియలేదు. తొందర తగ్గింది, అంతే. అది చాలు.

కంప్యూటర్ ఆపాను. ప్లగ్ పీకాను. స్క్రూలు విప్పి పక్క రేకు తీశాను. లోపల దుమ్ము బాగా ఉంది, తుడిచాను. నువ్వు పంపినదాన్ని ఆరో మెట్టులో నా చేత్తోనే బిగించాను కనుక లోపల ఏది ఏదో తెలుసు. తెర మీదే తెలియనిది. పాత డిస్క్‌కు ఉన్న రెండు తీగలూ ఊడదీసి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి వచ్చాను. ఈసారి పద్నాలుగో మెట్టులో ఒక్క పేరే ఉంది. అప్పుడు నొక్కాను. తీగ లేనిదాన్ని ఎవరూ తుడవలేరు కదా.

ఇరవై ఆరో మెట్టు అయ్యాక పాత డిస్క్ తీగలు తిరిగి పెట్టాను. ఇప్పుడు రెండూ ఉన్నాయి. కొత్తదాంట్లో ఏడో సంపుటం తెరుచుకుంది. అక్షరాలన్నీ ఉన్నాయి.

వడ్రంగి పిట్టను కూడా కొత్తదానికి కలిపి చూశాను. టకటక బాగానే కొట్టింది. కాగితం రెండు వైపులా చుక్కలు పడ్డాయి. వెలుగులో పెట్టి చూశాను, భూతద్దం పెట్టి చూశాను. నాకు ఏ తేడా కనిపించలేదు. పది పేజీలు తీశాను. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. మొదటి పేజీ మీద వేలు పెట్టి రెండో వరసలోనే ఆగిపోయింది.

“అక్కా, ఇది పుస్తకమా గోడా?” అంది.

“ఏమైందమ్మా?”

“వెనక పేజీ చుక్కలు ముందు పేజీ చుక్కల నెత్తిన కూర్చున్నాయి. కొన్ని చదునైపోయాయి. మీకు కనిపించడం లేదా?”

“లేదు.”

“కళ్ళున్నవాళ్ళతో ఇదే వచ్చిన చిక్కు” అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

కనుక ఇలా నిర్ణయించాను. ఫైలు తెరవడం, బ్రెయిలీలోకి మార్చడం కొత్తదాంట్లో. ప్రింటు పాతదాంట్లో. మధ్యలో పెన్‌డ్రైవ్. రోజుకు రెండుసార్లు ఆపి మళ్ళీ ఆన్ చేయాలి. చేస్తాను. ఆ పది పేజీలూ ఈ పొద్దున పాతదాంట్లో మళ్ళీ తీశాను.

నడుం ఎలా ఉంది? ఒక్క మాట చాలు.

అక్క

*

జూలై 22

అక్కా,

తగ్గుతోంది.

బుధవారం తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం దాకా నేను పడుకుని చేసిన ప్రయాణం ఆ డాక్టరు నిషేధించిన దాని కంటే పెద్దది. సైజులు ఒకటేనన్న సంగతి నీ ఉత్తరంలో చదివినప్పుడు వెన్ను కాదు, గుండె జారింది. మళ్ళీ అదే చోట, మళ్ళీ నా వల్లే. ఫోన్ చేసి, “తీగలు ఎవరు పీకమన్నారు?” అని అడగబోయి ఆగాను. నువ్వు “ఎవరూ అనలేదు” అంటావు.

ఇరవై ఏళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. తీగ పీకేస్తే పోతుందని నాకు తట్టలేదు. మా ఆసుపత్రిలో సిస్టమ్‌లు మార్చే మెట్ల కాగితం కూడా ఇదే, అందులో పదమూడుకీ పద్నాలుగుకీ మధ్య ఒక వరస చేర్పించాను. చేర్చిన కుర్రాడు అడిగాడు, దీనికి ఆధారం ఏమిటి సార్ అని. మా అక్క అన్నాను.

ఒక్కటి ఒప్పుకోవాలి. పరీక్ష అయ్యాక ఆ పాతదాన్ని తీసేద్దాం. ఆగస్టు తర్వాత దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు. ప్రింటర్ కూడా కొత్తది చూద్దాం.

తమ్ముడు

*

జూలై 27

తమ్ముడికి,

తీయను. వడ్రంగి పిట్ట కొట్టినంత కాలం పాతది ఉంటుంది. దానికి ఇంటర్నెట్ తీగ ఎప్పటికీ పెట్టను, అది నీకు ఇచ్చే మాట. పెన్‌డ్రైవ్‌ను ముందు కొత్తదాంట్లో పరీక్షించిన తర్వాతే పాతదాంట్లో పెడతాను, అదీ మాటే. ఇంతకు మించి అడగకు.

ఎనిమిది అయింది. తొమ్మిది సగంలో ఉంది. పిట్ట పొద్దున ఏడింటికి మొదలుపెడుతుంది. పై అంతస్తు ఆవిడ నిన్న దిగివచ్చి, ఇంట్లో ఏదైనా కడుతున్నారా అని అడిగింది. పుస్తకం అన్నాను.

అక్క

*

ఆగస్టు 8

తమ్ముడికి,

పదకొండో సంపుటం నిన్న సాయంత్రం ఇచ్చాను. మాట ఇచ్చిన తేదీకి మూడు రోజుల ముందు. పరీక్షకు ఇరవై రెండు రోజులుంది.

ఆ అమ్మాయి ఇక్కడే కూర్చుని మొదటి అధ్యాయం, మధ్యలో ఒకటి, చివరిది వేలితో చదివి చూసింది. తప్పులు రెండు దొరికాయి. అప్పటికప్పుడే ఆ పేజీలు మళ్ళీ తీశాను. కంప్యూటర్ ఆపి, ఆన్ చేసి, ఆపి, ఆన్ చేసి. తను ఓపిగ్గా కూర్చుంది.

తన స్నేహితురాలు కారు తెచ్చింది. బరువైన ఆ సంపుటాన్ని ఆమె, నేను కలిసి మెట్లు దించాం. కిందికి వచ్చాక ఆ అమ్మాయి కారు ఎక్కకుండా నిలబడింది. ఏమిటమ్మా అన్నాను.

“పోయినసారి పరీక్ష పోయిందక్కా. అందరూ, పాపం పుస్తకాలు రాలేదు కదా, నీ తప్పేముంది అన్నారు. అందరూ చాలా మంచిగా అన్నారు” అంది. కారు తలుపు పట్టుకుని, “ఈసారి పోతే ఎవరూ అలా అనలేరు. పోయినా నాదే, వచ్చినా నాదే” అంది.

“భయంగా ఉందా?” అన్నాను.

“చాలా” అంది. నవ్వుతూ కారెక్కింది.

అక్క